ఒక మూత ఎక్కువ

నేను ఒక చిన్న ఇంజన్ని. మోపెడ్ అనే బక్కపలచటి బండికి నడుము దగ్గర బిగించి ఉంటాను. బండి కొనడానికి వచ్చినవాళ్ళు రంగు చూస్తారు, సీటు చూస్తారు, వెనక క్యారేజీ ఎంత బరువు మోస్తుందోనని తట్టి చూస్తారు. నన్ను మాత్రం నేను ఆగిపోయిన రోజునే చూస్తారు. వంగి, కళ్ళు చిట్లించి, ఏదో తప్పు చేసినవాణ్ణి నిలదీసినట్టు చూస్తారు. అందుకు నాకేం కోపం లేదు. మనుషులు తమ ఒంటినీ అలాగే చూసుకుంటారని ఇన్నేళ్ళలో తెలుసుకున్నాను.

తమిళనాడు సరిహద్దులో ఎక్కడో ఒక కార్ఖానాలో కరిగిన లోహాన్ని అచ్చుల్లో పోసి నన్ను చేశారు. నా పని చెప్పుకోవడానికి చాలా చిన్నది. గాలీ పెట్రోలూ కలిసిన ఆవిరిని లోపలికి పీల్చుకోవాలి. పిస్టన్‌తో దాన్ని నొక్కాలి. ప్లగ్గు నిప్పురవ్వ వేయగానే మండించాలి. మిగిలిన పొగను పక్కనున్న కంతలోంచి సైలెన్సరులోకి ఊదెయ్యాలి. పెద్ద బండ్లకు ఇంజనాయిలు పోసే చోటు వేరే ఉంటుంది. నాలాంటివాటికి పెట్రోల్లోనే కలిపి పోస్తారు. లోపల అరిగిపోకుండా ఆ ఆయిలే కాపాడుతుంది, ఆ తర్వాత పెట్రోలుతో పాటు అదీ మండిపోతుంది. మండిపోవాలి. ఎక్కువై మండకపోతే ఏమవుతుందో నాకు చాలాకాలం తెలియలేదు.

మొదట నన్ను కొన్నది తణుకులో హిందీ చెప్పే కామేశ్వరశర్మ మాస్టారు. ఆయన దారి పొడవునా క్రియాపదాలు వల్లించుకుంటూ నడిపేవారు. ఒకసారి భవిష్యత్ కాలంలో ఉండగా బ్రేకు సంగతి మరిచిపోయి గడ్డివాములోకి వెళ్ళిపోయాం. రిటైరయ్యాక నన్ను కోడిగుడ్లు అమ్మే సుబ్బరాజుకు ఇచ్చేశారు. గుడ్లు మోసేవాడు నెమ్మదిగా వెళ్తాడని మీరనుకుంటారు. సుబ్బరాజు వెనకాల పులి తరుముతున్నట్టు పోయేవాడు. నన్ను తుడిచిన పాపాన పోలేదు. ఎండలో వదిలేసేవాడు, ఏ చిన్న గుంతలో పడినా నన్నే తిట్టేవాడు. అయినా అతని దగ్గర ఉన్నంతకాలం నాకు జలుబైనా చేయలేదు. ఎప్పుడూ బాగా వేడెక్కి ఉండేదాన్ని, లోపల చేరిన మసి చేరినట్టే కాలిపోయేది. ఈ సంగతి అప్పట్లో అతనికీ తెలియదు, నాకూ తెలియదు. అతను ఆటో కొనుక్కుని నన్ను ధనరాజుకు అమ్మాడు.

నిజానికి నా కథ ఇక్కడ మొదలవుతుంది.

కడియం దాటాక గోదావరి ఏటిగట్టు కింద ఒక లంక ఊరు ఉంది. ఎటు చూసినా పూలతోటలే. మల్లె, కనకాంబరం, లిల్లీ, చామంతి. ధనరాజు ఆ తోటల్లో పూలు కొనేవాడు. అతని భార్య వీరవేణి మాలలు కట్టేది. ఆ మాలలను తడిగుడ్డల్లో చుట్టి, బుట్టల్లో సర్ది, తెల్లవారుతుండగానే రాజమండ్రి తీసుకెళ్ళి ఇళ్ళకూ కొట్లకూ ఇచ్చి రావడం ధనరాజు పని. ఉన్న ఒక్క కూతురికీ పెళ్ళి చేసి తాడేపల్లిగూడెం పంపేశారు. ఇంట్లో ఇద్దరే ఉండేవారు. నేను మూడోదాన్ని.

నేను మూడోదాన్నని ఊరికే అనడం లేదు. ధనరాజు నన్ను నిజంగా ఇంటి మనిషిలాగే చూశాడు. వీరవేణి పాత చీర చింపి, రోజూ తుడిచేవాడు. వర్షం పడితే తాను తడుస్తూ నా మీద గోనెపట్టా కప్పేవాడు. గుంత కనిపిస్తే దిగి నడిపించేవాడు. నేను వేడెక్కుతానని, సైకిలు మీద పోయేవాళ్ళు దాటి వెళ్ళిపోతున్నా సరే, ఏనాడూ స్పీడు పెంచలేదు. పెట్రోలు బంకులో కుర్రాడు కొలిచి ఆయిలు పోశాక, ధనరాజు సంచిలోంచి తన సొంత సీసా తీసి, ఇంకో మూత నిండా పోసేవాడు.

"సరిపోద్ది బాబాయ్, కొలతగానే పోశాను," అనేవాడు కుర్రాడు.

"బరువులు మోసే ప్రాణంరా. కాత్త ఎక్కువే తాగనీ," అనేవాడు ధనరాజు, నా ట్యాంకు నిమురుతూ.

ఆ మాటకు నేను పొంగిపోయాను. నన్ను ప్రాణం అన్న మనిషి అంతకు ముందు లేడు. కానీ ఆ ఎక్కువ మూత లోపల పూర్తిగా మండేది కాదు. నెమ్మదిగా నడవడం వల్ల నాలో దాన్ని కాల్చేంత వేడీ పుట్టేది కాదు. అది మొదట జిడ్డుగా, తర్వాత తారులా, చివరికి రాయిలా గట్టి మసిగా మారి లోపల పేరుకోవడం మొదలుపెట్టింది. పిస్టన్ నెత్తి మీద ఒక పొర, నా తల లోపలి వైపు ఇంకో పొర. అన్నిటికంటే ఎక్కువగా పొగ బయటికి పోయే కంత చుట్టూ. పీల్చుకున్నది ఊదలేకపోతే మళ్ళీ పీల్చుకోవడానికి చోటు ఉండదు. నాకు ఊపిరి ఆడడం తగ్గింది.

ఊళ్ళోంచి బయటికి రావాలంటే ఏటిగట్టు ఎక్కాలి. మొదట్లో ఆ ఎత్తును బుట్టలతో సహా ఎక్కేసేదాన్ని. తర్వాత సగంలో నీరసించడం మొదలైంది. ధనరాజు పెడలు తొక్కి సాయం చేసేవాడు. ఆ తర్వాత దిగి తోసేవాడు. గట్టెక్కేసరికి అతని చొక్కా తడిసిపోయేది, నా వెనక నుంచి నీలంగా దట్టమైన పొగ వచ్చేది. ఆ పొగ తిన్నగా వెనక బుట్టల్లోకి పోయేది.

రాజమండ్రిలో శేషమాంబ గారని ఒక పెద్దావిడ ఉండేవారు. ఏళ్ళ తరబడి ధనరాజు దగ్గరే మల్లెలు తీసుకునేవారు. ఒక ఉదయం ఆవిడ దండ అందుకుని, వాసన చూసి, మళ్ళీ చూసి, మడతపెట్టి అతని చేతిలోనే పెట్టేశారు.

"ధనరాజూ, ఇవి మల్లెపూలా, బస్టాండా?"

 ధనరాజు దండను ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకున్నాడు. ఆ రోజు మరో ఇద్దరు కూడా పూలు తిరగ్గొట్టారు.  

నాకు ఏదో లోటు జరుగుతోందని అతనికి తోచింది. దాంతో ఒక మూతకు బదులు రెండు మూతలు పోయడం మొదలుపెట్టాడు.

నా పరిస్థితి ఇంకా దిగజారింది. టౌనులో ఒక మెకానిక్ నన్ను స్టార్టు చేయించి, నిలబడిన చోటి నుంచే చెవి ఒగ్గి విన్నాడు. "అయిపోయింది. లోపల అరిగిపోయింది. పాత ఇనుముకు ఇచ్చెయ్యండి," అని చేతులు దులుపుకుని ఇంకో బండి వైపు వెళ్ళిపోయాడు. నేను అరగలేదని అరవాలనిపించింది. నా నోరు అప్పటికే సగం మూసుకుపోయి ఉంది.

అదే వారంలో హైదరాబాదు నుంచి ధనరాజు అక్క మొగుడు శ్రీరాములు ఫోను చేశాడు. ఒక అపార్టుమెంటుకు వాచ్‌మన్ కావాలట. మెట్ల కింద ఒక గది ఇస్తారట, కానీ ఒక్క మనిషికే. వచ్చే సోమవారానికల్లా వచ్చేయమన్నాడు. ధనరాజు సరేనన్నాడు. పాత ఇనుము కొనే మనిషికి కూడా ఆదివారం రమ్మని కబురు పెట్టాడు. ఆ సంగతి వీరవేణికి పెరట్లో, నా పక్కనే నిలబడి చెప్పాడు. బహుశా ఇంట్లో ఎదురుగా కూర్చుని చెప్పే ధైర్యం లేక కావచ్చు.

వీరవేణి అప్పుడు స్నానాల నీళ్ళు కాచే రాగి బాయిలరు దగ్గర కూర్చుని ఉంది. ఆ బాయిలరుకు నడుమ ఒక గొట్టం ఉంటుంది, కింద మంట పెడితే పొగ ఆ గొట్టంలోంచి పైకి పోతుంది. ఆమె కొబ్బరిమట్టతో ఆ గొట్టం లోపలి మసి పొడిచి రాలుస్తోంది.

"నువ్వు ఎల్లిపోతే పూలెవరు పట్టుకెళ్తారు?" అంది, తల ఎత్తకుండానే.

"పూలు మానేద్దాం. నెలనెలా పంపుతాను కదే."

"నాకు పంపేదేటి మావా. ఒక్కదాన్నీ ఇక్కడ, ఒక్కడివీ అక్కడ. దేనికి?"

"బండి అయిపోయింది వేణీ. నన్నేం చెయ్యమంటావు?"

ఆమె కొబ్బరిమట్ట పక్కన పెట్టి లేచింది. నా దగ్గరికి వచ్చింది. అంతవరకు ఆమె నన్ను పెద్దగా పట్టించుకున్నది లేదు. నేను ఆమెకు మొగుడు పోసే ఆయిలు తాగే దండగమారి దాన్ని. ఇప్పుడు వంగి నా సైలెన్సరు చివర చూసింది. నల్లటి జిడ్డు కారి గట్టిపడి ఉంది. చీపురుపుల్ల ఒకటి తెచ్చి లోపలికి దూర్చబోయింది. కాస్త దూరం వెళ్ళి ఆగిపోయింది. ఇంకో పక్క నుంచి ప్రయత్నించింది. అక్కడా ఆగిపోయింది.

"ఇది మూసుకుపోయింది మావా."

"ఆ మెకానిక్ అరిగిపోయిందన్నాడు."

"వాడు లోపల చూశాడా? ఈ బాయిలరు గొట్టం మూసుకుపోతే పొగంతా పెరట్లోకి కక్కదా? ఎప్పుడన్నా బాయిలరు అయిపోయిందని అమ్మేశామా మనం?"

 ధనరాజుకు భయం వేసింది. "ఊడదీత్తే మళ్ళీ అతుక్కోదే. మా నాన్న పంపుసెట్టు ఊడదీయించాడు. ముక్కలు గోనెసంచిలో ఇంటికొచ్చాయి, అంతే."

"ఎలాగూ ఇనుపకొట్టుకే పంపుతున్నావు. ముక్కలుగా పోతే ఏటి, నిండుగా పోతే ఏటి?"

ఆ మాట నాకు చురుక్కుమంది గానీ, అంతకంటే మంచి మాట నా గురించి ఆ ఏడాదిలో ఎవరూ అనలేదు.

శనివారం పొద్దున వీరవేణి చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, స్టాండు తీసి, నన్ను తోసుకుంటూ బయల్దేరింది. ధనరాజు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఏటిగట్టు ఎత్తు సగం దాకా ఆమె ఒక్కతే తోసింది. అక్కడ చెప్పు జారి, నేను వెనక్కి దొర్లబోయాను. అప్పుడు వెనక నుంచి రెండు చేతులు వచ్చి క్యారేజీని పట్టుకున్నాయి. ఇద్దరూ కలిసి నన్ను గట్టెక్కించారు.

కాలవ లాకుల దగ్గర ఏసుపాదం షెడ్డు ఉంది. అతను ట్రాక్టర్ల నుంచి మందుకొట్టే మిషన్ల దాకా అన్నీ బాగుచేస్తాడు. మాట తక్కువ మనిషి. సంగతి విని ప్లగ్గు విప్పాడు. అది నల్లగా, తడిగా ఉంది. సైలెన్సరు విప్పి, కంతలోకి టార్చిలైటు వేసి, ధనరాజును పిలిచాడు.

"ఇలా రా అన్నాయ్, చూడు. బొటనవేలు దూరాల్సిన కంత ఇది."

ధనరాజు కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. వీరవేణి వంగి చూసింది. "చింతగింజ కూడా దూరదు," అంది.

ఏసుపాదం నా తల మీది నట్లు ఒకదాని తర్వాత ఒకటి కొద్దికొద్దిగా వదులు చేసి, తలను పైకి తీశాడు. కార్ఖానా వదిలాక వెలుతురు నా లోపలికి రావడం అదే మొదటిసారి. సిగ్గుపడ్డాను. పిస్టన్ నెత్తి మీద మాడిన దోసెపెనంలా నల్లటి పొర గడ్డకట్టి ఉంది. ఏసుపాదం సిలిండరు గోడ మీద వేలితో రాసి చూశాడు. ఆ వేలును ధనరాజుకు చూపించాడు.

"అరగలేదు. అద్దంలా ఉంది. ఇంత మంచి సిలిండరు ఈ వయసు బండికి నేను చూడలేదు. ఇదంతా మసే."

ధనరాజు అప్పుడు కళ్ళు తెరిచాడు.

ఒక ట్రాక్టరు మనిషి వచ్చి అవతల తొందర పెడుతున్నాడు. ఏసుపాదం పిస్టన్‌ను పైకి తెచ్చి, చుట్టూ సందులో గ్రీజు పూసి, రాలిన మసి లోపలికి పోకుండా చేశాడు. కిరసనాయిల్లో తడిపిన గుడ్డను ఆ పొర మీద పరిచాడు. "కాసేపు నాననిచ్చి మీరిద్దరూ గోకండి. నేను అటు చూసొత్తాను," అన్నాడు. వీరవేణి చాకు అందుకోబోతే ఆపాడు. "ఇనుము వద్దు చెల్లెమ్మా. ఇది మెత్తటి లోహం. గీత పడితే ఆ గీతలోనే మళ్ళీ మసి పట్టుద్ది." వెదురు బద్దను చివర చదునుగా చెక్కి ఆమెకొకటి, అతనికొకటి ఇచ్చాడు.

వీరవేణి నా తలను ఒళ్ళో పెట్టుకుని, కొబ్బరికాయ తురుముతున్నంత తీరుగా మొదలుపెట్టింది. ధనరాజు పిస్టన్ ముందు గొంతుక్కూర్చున్నాడు. మొదట పసిపిల్ల చెవి శుభ్రం చేస్తున్నట్టు భయంభయంగా తాకాడు. ఒక చిన్న పెచ్చు ఊడి వచ్చింది. కింద తెల్లగా లోహం మెరిసింది. ఆ మెరుపు చూశాక అతని చెయ్యి వేగం అందుకుంది. పెచ్చు వెనక పెచ్చు ఊడుతోంది. గుడ్డతో తుడవడం, గోకడం, మళ్ళీ తుడవడం. ఇద్దరి మోచేతుల దాకా నలుపు. కాసేపటికి వాళ్ళు మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఎవరి తోటలో కనకాంబరం బాగుందో, కూతురు ఫోన్లో ఏమందో, అలాంటి మాటలు. హైదరాబాదు ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఏసుపాదం తిరిగొచ్చాడు. పిస్టన్ రింగు ఒకటి జిడ్డులో ఇరుక్కుపోయి ఉంటే, సిలిండరు తీసి దాన్ని విడిపించాడు. కంత చుట్టూ ఉన్న రాతిలాంటి మసిని తానే ఓపిగ్గా రాల్చాడు. సైలెన్సరు లోపలి గొట్టాన్ని కొబ్బరిపీచు మంటలో ఎర్రగా కాల్చి, చల్లారాక నేల మీద తడితే గుప్పెళ్ళ కొద్దీ బూడిద రాలింది. వీరవేణి ఆ కుప్ప వైపు చూస్తూ ఉండిపోయింది.

"ఆయిలు ఎంత పోత్తున్నావు అన్నాయ్?" అని అడిగాడు ఏసుపాదం.

ధనరాజు చెప్పాడు. బంకు కొలత, దాని మీద తన మూత, ఈమధ్య రెండు మూతలు.

"కొలత చాలు. అరగకుండా అదే చూసుకుంటది. ఇంకోటి, మరీ సైకిల్లాగా తొక్కించకు. అప్పుడప్పుడూ గట్టిగా పోనియ్యి. దానికీ ఒళ్ళు వేడెక్కాలి."

ధనరాజు ముఖం చిన్నబోయింది. చేతిలోని వెదురు బద్దను అటూ ఇటూ తిప్పాడు. "ఎక్కడ అరిగిపోద్దోనని..." అన్నాడు. 

వీరవేణి అతని వైపు చూసింది. ముక్కు మీద, చెంప మీద మసితో, తప్పు పట్టుబడ్డ పిల్లాడిలా ఉన్నాడు. ఆమెకు నవ్వొచ్చింది. మొదట మూతి బిగబట్టింది, తర్వాత ఆపుకోలేక అక్కడున్న టైరు మీద కూలబడి నవ్వింది. "నీ ప్రేమకి దానికి ఊపిరాడలేదు మావా," అంది నవ్వు మధ్యలో. ధనరాజు కూడా నవ్వేశాడు. నా తల ఇంకా విప్పే ఉంది. లేకపోతే నేనూ నవ్వేదాన్ని.

సిలిండరుకూ తలకూ మధ్య కొత్త ప్యాకింగు వేసి, నట్లు ఎదురెదురుగా బిగించి, ప్లగ్గు తుడిచి పెట్టారు. ఏసుపాదం స్టాండు మీద పెడలు తొక్కాడు. దగ్గాను. మళ్ళీ తొక్కాడు. మిగిలిన కిరసనాయిలంతా తెల్లటి పొగగా ఒక్కసారి కక్కేశాను. షెడ్డంతా కమ్ముకుంది.  మూడోసారి తొక్కగానే గాలి నాలోకి దూసుకొచ్చింది. మండింది. ఎదురు లేకుండా బయటికి పోయింది. ఎంత హాయి అది. ముక్కుదిబ్బడ వదిలిన ఉదయం మీకెలా ఉంటుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. పొగ పలచబడింది, కనిపించకుండా పోయింది. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఎక్కు," అన్నాడు ఏసుపాదం.

ధనరాజు ఎక్కాడు. గట్టు దిగి ఊరి వైపు వెళ్ళి, అక్కడ మలుపు తిరిగి, ఆ ఎత్తుకు ఎదురుగా ఆగాడు.  పెడళ్ళ మీద కాళ్ళు సిద్ధంగా పెట్టుకున్నాడు, తొక్కాల్సి వస్తుందని. యాక్సిలేటరు తిప్పాడు. నేను ఎక్కేశాను. తొక్కాల్సిన పనే పడలేదు. గట్టు మీదికి చేరాక అతను బండి ఆపి, అటువైపున్న గోదావరిని, ఇటువైపున్న తోటలను ఏదో కొత్త ఊరొచ్చినట్టు చూశాడు. నమ్మకం కలగలేదేమో, మళ్ళీ గట్టు దించి మళ్ళీ ఎక్కించాడు.

షెడ్డు ముందు వీరవేణి నిలబడి ఉంది. చప్పుడు వినే ఆమెకు అర్థమైపోయింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. మసి ఇంకాస్త పులుముకుంది.

ధనరాజు బండి దిగకుండానే జేబులోంచి ఫోను తీశాడు. "బావా, నేను రావట్లేదు. ఏమనుకోకు. బండి బాగైంది." అవతల శ్రీరాములు ఏదో అన్నాడు. "కాదు బావా, బాగైంది. మసి పట్టింది, అంతే." పాత ఇనుము మనిషికి కూడా రావద్దని అక్కడి నుంచే చెప్పాడు. ఆ రెండో ఫోను విన్నాక నా ఒళ్ళు తేలికపడింది. మసి పోయినప్పుడు కూడా అంత తేలికపడలేదు.

మర్నాడు ఆదివారం. వీరవేణి కూడా వస్తానంది. తిరగ్గొట్టిన ఇళ్ళవాళ్ళకు తానే చెప్పుకుంటానంది. బుట్టల మధ్య ఇరుకుగా కూర్చుంది. శేషమాంబ గారు దండ అందుకుని వాసన చూశారు, మళ్ళీ చూశారు. తలలో తురుముకుని, లోపలి నుంచి రెండు గ్లాసుల్లో కాఫీ తెచ్చి ఇచ్చారు. మిగిలిన ఇళ్ళు, కొట్లు, అన్నీ తిరిగేశాం. బుట్టలు ఖాళీ అయ్యేసరికి ఎండ ఇంకా పూర్తిగా రాలేదు. మామూలుగా ఆ వేళకు సగం ఇళ్ళు కూడా అయ్యేవి కాదు.

ఇద్దరూ రోడ్డు పక్కన నా దగ్గర నిలబడ్డారు. ఏం చేయాలో తోచలేదు.

"ఇంటికెళ్ళిపోదామా?" అన్నాడు ధనరాజు.

"ఇంటి దగ్గర ఏముంది ఇప్పుడు?" అంది వీరవేణి. కాస్త ఆలోచించింది. "ఇన్నేళ్ళయింది, ధవళేశ్వరం ఆనకట్ట ఒక్కసారీ సరిగ్గా చూడలేదు నేను. అటు పోనీ."

"అక్కడేం పని?"

"పనేం లేదు. ఊరికే."

ధనరాజు ఖాళీ బుట్టలను ఒకదానిలో ఒకటి పెట్టి కట్టేశాడు. ఆమె ఎక్కి కూర్చుని అతని భుజం మీద చెయ్యి వేసింది. హిందీ పుస్తకాలు మోశాను, గుడ్లు మోశాను, పూలు మోశాను. పని లేకుండా ఇద్దరు మనుషులను మోయడం నాకు అదే మొదలు. నది మీది గాలి ఎదురొచ్చింది. దారి తిన్నగా ఉంది.

"ఇంకొంచెం గట్టిగా పోనీ మావా," అంది వీరవేణి.

అతను యాక్సిలేటరు తిప్పాడు.